గాలి మీటరుకు రెండు స్క్రూలు

"తమ్ముడూ, నేను నీకిచ్చినప్పుడు నాలుగుండాయి. ఇప్పుడు రెండే ఉండాయి."

ఫోనులో అన్న మొదటి మాట అదే. పలకరింపు లేదు, ఆరోగ్యం ఎట్లుందని అడగలేదు.  "లెక్కపెట్టి ఇచ్చినావా?" అన్నాను.

"కళ్ళారా చూసినా."

"చూసేది వేరు, లెక్కపెట్టేది వేరన్నా."

"అంటే నేను అబద్ధం చెప్తాండానా?"

లేదన్నాను. కానీ ఫోను పెట్టేశాక నాకు వచ్చిన ఆలోచన మాత్రం అదే. ఆయనకూ నా గురించి అట్లాంటి ఆలోచనే వచ్చుంటుంది.

అన్న నాకు రక్తసంబంధం కాదు. బళ్ళారి జిల్లా కురుగోడు దగ్గర కాలువ కింద వరి పండించే క్యాంపు, అంటే వలస వచ్చిన రైతుల ఊరు, ఆయనది. వాళ్ళ నాయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొని నిలబడ్డ మనిషి. వయసులో ఉన్నప్పుడు ఆయనా నేనూ తోరణగల్లు వైపు ఒక ఫ్యాక్టరీలో ఒకే షిఫ్టులో పనిచేశాం. ఆయన ఫిట్టరు, నేను మీటర్ల మెకానిక్కును. తర్వాత ఆయన సరుకు ఓడల మీదికి వెళ్ళిపోయి ఇరవై ఏళ్ళు ఇంజను గదుల్లో గడిపాడు. నేను రిటైరయ్యేదాకా అదే ఫ్యాక్టరీలో ఉన్నాను.

మీటరు చూపించే అంకెను నమ్మకపోవడమే నా ఉద్యోగం. ముల్లు ఇంత అని చూపిస్తే, అది ఇరుక్కుందేమో, గొట్టంలో నీళ్ళు చేరాయేమో, ఎవరైనా కావాలని తిప్పారేమో అని చూసి తీరాలి. ఆ బుద్ధి నాతోపాటు ఇంటికి కూడా వచ్చింది. పొయ్యి ఆర్పేశానని చెప్పినా నేను వంటింట్లోకి పోయి చూసి వస్తానని మా ఆవిడ చర్చిలో ఆడవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది.

ఓడ దిగి వచ్చాక అన్న బుద్ధిగా పొలం చూసుకుంటున్నాడు అనుకున్నాం. రెండేళ్ళ కింద గోవాలో ఎవరో అమ్ముతుంటే పద్దెనిమిది అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొని, లారీలో వేయించుకుని, హోసపేట డ్యాం నీళ్ళ దగ్గరికి తెచ్చాడు. ఇదేందన్నా అంటే, "ఇరవై ఏండ్లు ఇంజను మోతలో బతికినా. సప్పుడు లేకుండా నీళ్ళ మీద పోవాలని ఉండాది" అన్నాడు. పడవకు తీసుకున్న అనుమతి కాగితాన్ని ప్లాస్టిక్ షీటులో పెట్టించి ఎప్పుడూ వెంట ఉంచుకునేవాడు. దాన్ని అడగనివాడు లేడు మరి. కరువు జిల్లాలో తెరచాప అంటే ఎవరికైనా ఏదో మతలబు ఉందనే అనిపిస్తుంది.

ఆ పడవ స్తంభం కొసన ఉండేదే ఈ గాలి మీటరు. మూడు నల్లటి చిన్న గిన్నెలు గాలికి గిరగిరా తిరిగి వేగం చెప్తాయి. పక్కనున్న బాణం దిక్కు చెప్తుంది. కింద కూర్చున్న మనిషికి ఒక డబ్బా మీద అంకె కనిపిస్తుంది. గిన్నెలు బిగుసుకుపోయాయని అన్న దాన్ని అట్టపెట్టెలో పెట్టి నాకిచ్చాడు. నేను ఊడదీసి, లోపల చేరిన జిడ్డు తుడిచి, తిరిగేట్టు చేసి ఇచ్చాను. మూడో రోజు ఈ ఫోను.

మీటరును దాని అల్యూమినియం పాదానికి పట్టి ఉంచేవి నాలుగు స్క్రూలు. ఒక్కొక్కటీ పెసర గింజంత తలతో, చిటికెన వేలి గోరంత పొడుగు. రెండు లేకపోతే మీటరు ఊగుతుంది, ఏదో ఒక రోజు నీళ్ళలో పడుతుంది. జిడ్డు తుడిచే పనిలో పడి అవి ఎన్నున్నాయో నేను లెక్క చూసుకోలేదు.

ఆ పని నేను చేసింది భోజనాల బల్ల మీద, పేపరు పరుచుకుని. మా ఆవిడను అడిగాను.

"ఆ పేపరు యాడ దులిపినావు?"

"ఏ పేపరు?"

"మీటరు కింద పరిచింది."

"మడిచి పాతపేపర్ల కట్టలో పెట్టినా. దులపలేదు." ఆమె నా ముఖం వంక చూసింది. "ఇస్క్రూలు నేను మింగినా అంటావా?"

కట్ట విప్పి ఒక్కో పేపరూ తీసి చూశాను. బల్ల కింద టార్చి వేసి చూశాను. చీపురు కట్టను కూడా దులిపాను. ఏమీ దొరకలేదు. దొరకనంత మాత్రాన నేను పారేయలేదని అర్థం కాదు కదా. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అన్నకు ఫోను చేసి, "మీటరు మళ్ళా పంపించు, స్క్రూలు నేనే ఎతికి బిగిస్తా" అన్నాను. "నువ్వు ఎతకాల్సిందే" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది.

మీటరు తిరిగొచ్చాక, మిగిలిన రెండు స్క్రూల్లో ఒకదాన్ని నమూనాకని ఒక అట్టముక్కకు టేపుతో అతికించుకున్నాను. పాదాన్ని చేతిరుమాలులో చుట్టుకుని బళ్ళారి బజారుకు బయల్దేరాను.

మొదటి అంగడాయన అట్టముక్క చేతిలోకి తీసుకోబోయాడు. నేను వదల్లేదు.

"ఇయ్యప్పా, లోపల డబ్బాలో కలిపి చూస్తా."

"డబ్బానే ఈడికి తే. నేను ఈడనే చూస్తా."

"ఒక ఇస్క్రూ ఎత్తుకుని పారిపోతానా నేను?" అని, ఆయన సణుక్కుంటూ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. "దేనికిది?"

"పడవకు."

చేస్తున్న పని ఆపి నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "బళ్ళారిలో పడవ." అది ప్రశ్న కాదు. పక్కనున్న ఆయనతో కన్నడలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరైనా దేనికని అడిగితే పడవకు అని చెప్పడం మానేశాను. మిషనుకు అనేవాణ్ణి. ఏ మిషను అంటే, చిన్న మిషను అనేవాణ్ణి. అట్లా చెప్పేసరికి ఇంకా ఎక్కువ అనుమానంగా చూశారు.

ఆ మొదటి అంగడాయన ఎస్సెస్, అంటే స్టెయిన్‌లెస్, అని ఇచ్చిన స్క్రూలకు నా జేబులోని అయస్కాంతం పెట్టాను. టక్కుమని అతుక్కున్నాయి. మంచి స్టెయిన్‌లెస్ స్టీలును అయస్కాంతం లాగదు, లాగినా ఏదో కాస్త లాగినట్టు ఉంటుంది, అంతే. ఇవి పైన మెరుపు పూత పూసిన మామూలు ఇనుము. నీళ్ళ మీద రెండు నెలల్లో తుప్పు పడతాయి. రెండో అంగడిలో అయస్కాంతానికి అతుక్కోనివి దొరికాయి గానీ, పాదంలోకి రెండు చుట్లు తిరిగి ఆగిపోయాయి. "బలంగా తిప్పు, పోతాది" అన్నాడాయన. బలంగా తిప్పితే అల్యూమినియం రంధ్రంలోని మరచుట్లు చెడిపోతాయని ఆయనకు తెలియదా? తెలిసే చెప్తున్నాడా? నాలుగు అంగళ్ళు తిరిగాను. అన్నింట్లోనూ అదే కథ. రెండు చుట్లు, అక్కడ బిగుసుకోవడం.

ఐదో అంగడి అసలు స్క్రూలది కాదు. ఎండకు తట్టుకోలేక ఒక కంప్యూటర్లు బాగుచేసే చోట ఫ్యాను కింద నిలబడ్డాను. నడిపేది ఒక అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. కూర్చోమని చెప్పి, చేతిలో ఏందని అడిగింది. విసిగి ఉన్నాను, నిజమే చెప్పాను. నవ్వలేదు. అట్టముక్క అందుకోలేదు కూడా, నా చేతిలో ఉండగానే వంగి చూసింది.

"అంకుల్, ఇది మా కంప్యూటరు కేబినెట్ స్క్రూ మాదిరుండాది." సొరుగులోంచి ఒకటి తీసి, నేను నమూనా స్క్రూ విప్పిన రంధ్రంలో పెట్టి వేళ్ళతోనే తిప్పింది. సాఫీగా చివరిదాకా పోయింది. "ఇవి మిల్లీమీటరు లెక్కవి కావు. అంగుళం లెక్కవి. అమెరికా సైజు. అంగళ్ళలో ఇచ్చేవన్నీ మిల్లీమీటరువి, అందుకే పట్టల్లేదు."

ముప్పై ఏళ్ళు మీటర్లు విప్పినవాణ్ణి, నాకు తట్టలేదు. సిగ్గేసింది. నేను ఆమె స్క్రూకు అయస్కాంతం పెట్టబోతే, "వద్దంకుల్, అతుక్కుంటాది. ఇవి ఇనుమువే, నీళ్ళల్లో పనికి రావు. సైజు మాత్రమే ఇది" అంది.

తర్వాత ఆమె స్క్రూ పోయిన ఒక రంధ్రంలో తిప్పి చూసింది. స్క్రూ పోలేదు. ఫోను టార్చి వేసింది. "ఇందులో తెల్లగా ఏదో గట్టిపడి ఉండాది."

నేను కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. అల్యూమినియానికి చెమ్మ తగిలితే పట్టే తెల్లటి పొడి. రంధ్రం నిండా రాయిలా పేరుకుపోయి ఉంది. అంత పేరుకోవాలంటే ఆ రంధ్రం ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండాలి. అంటే అన్న నాకు ఇచ్చేనాటికి కాదు, అన్న గోవాలో కొనేనాటికే ఆ స్క్రూ లేదు. నాలుగుండాయి, కళ్ళారా చూసినా అన్నది వట్టి మాట. నా గుండె తేలికైంది. ఇంకా నిజం చెప్పాలంటే, గెలిచినట్టనిపించింది.

అప్పుడే ఆమె టార్చి పక్క రంధ్రం మీదికి తిప్పింది. స్క్రూ పోయిన రెండో రంధ్రం అది. లోపల చుట్లు తళతళా మెరుస్తున్నాయి. పొడి లేదు, దుమ్ము కూడా లేదు. ఆ స్క్రూ ఈమధ్యనే బయటికొచ్చింది.

"ఇది మాత్రం బాగుండాదంకుల్" అందామె.

"బాగుండాది" అన్నాను.

ఆ సాయంత్రం అన్నకు ఫోను చేసి పొడి గురించి చెప్పాను. ఫోటో కూడా పంపాను, ఆ ఒక్క రంధ్రానిదే.  ఆయన అది చూసి, "నిన్ను ఊరికే అనుమానించినా తమ్ముడూ. మనసులో పెట్టుకోవాకు" అన్నాడు. "పర్వాలేదులే అన్నా" అన్నాను. మా ఆవిడ పక్కనే కూర్చుని వింటోంది. ఫోను పెట్టాక, "రెండు పోయినాయంటివి కదా, రెండోది?" అంది. నేను టీవీ శబ్దం పెంచాను.

అంగుళం లెక్కవి, స్టెయిన్‌లెస్‌వి ఎక్కడ దొరుకుతాయో సైజు తెలిశాక గుర్తొచ్చింది. మా కాలంలో ఫ్యాక్టరీల్లో అమెరికా తయారీ పాత మీటర్లుండేవి. మూతలకు సరిగ్గా ఇట్లాంటి స్క్రూలే. అవన్నీ ఇప్పుడు గుజరీకి, అంటే పాత సామాన్ల అంగళ్ళకు, పోయి ఉంటాయి. తోరణగల్లు దగ్గర కూరెకుప్పలో పాత ఇనుము కొనే ఒక భాయ్ దగ్గర అట్లాంటివి చూశానని పాత మిత్రుడొకాయన చెప్పగా బస్సెక్కాను.

భాయ్ గడ్డానికి గోరింట రంగు వేసుకున్న పెద్దమనిషి. నేను ఏం కావాలో చెప్పేసరికి ఆయన ముఖం మూసుకుపోయింది.

"ఎన్ని కావాల సాబ్?"

"రెండు."

"రెండు కిలోలా?"

"రెండు స్క్రూలు."

"బళ్ళారి నుంచి రెండు ఇస్క్రూ పేచుల కోసం వచ్చినారు." కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. అది మర్యాద అనుకున్నాను గానీ, ఆయన నా ఎదుటే ఎవరికో ఫోను చేసి ఉర్దూలో "కంపెనీ ఆద్మీ దిఖ్‌తా" అనడం విన్నాను. నన్ను ఏ ఫ్యాక్టరీ వాళ్ళో దొంగసొత్తు పట్టుకోడానికి పంపారనుకుంటున్నాడు. నా వైపు నుంచి చూస్తే, అంత భయపడుతున్నాడంటే ఆ గుట్టలో ఏముందో అని నాకూ కళ్ళు అటే పోతున్నాయి. నేను అటు చూసినప్పుడల్లా ఆయన నన్ను చూశాడు.

చివరికి ఫోనులో పడవ ఫోటో చూపించాను. వేళ్ళతో పెద్దది చేసి, తెరచాపను, నీళ్ళను, పక్కన నిలబడ్డ అన్నను విడివిడిగా పరీక్షించాడు.

"ఇది యాడ?"

"డ్యాం దగ్గర."

"ఈ మనిషి ఎవరు?"

"మా అన్న."

"మీ అన్నంటారు. మీ మాదిరి లేడే?"

"సొంతన్న కాదు భాయ్. అన్న అంటే అన్న."

ఇంకో టీ తాగాక లేచాడు. లోపలి నుంచి మూత పగిలిన పాత మీటరు ఒకటి తెచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. అట్లాంటివి వందలు విప్పాను. చెయ్యి చాచబోతే, "మీరు ముట్టొద్దు, నేను తీస్తా" అని తానే స్క్రూడ్రైవరు పెట్టి నాలుగు స్క్రూలు తీశాడు. నేను జేబులోంచి అయస్కాంతం తీశాను. ఆయనకు కోపమొచ్చింది. గోడకు దారంతో వేలాడుతున్న తన అయస్కాంతం తెచ్చి, "నా ధందాయే ఇది సాబ్, నాకు చూపిస్తారా?" అని నాదాన్ని పక్కకు నెట్టాడు. ఆయన అయస్కాంతానికీ అతుక్కోలేదు, నాదానికీ అతుక్కోలేదు. పాదంలో పెట్టి తిప్పితే చివరిదాకా పోయింది.

రెండే ఇచ్చాడు. మిగతా రెండూ తిరిగి ఆ పాత మీటరుకే బిగించాడు. ఎందుకో నాకు తెలియదు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. దానికి బదులు, నా అరచేతిలో స్క్రూలు పెట్టించి ముఖంతో సహా ఫోటో తీసుకున్నాడు. "రేపు ఎవరైనా అడిగితే నా దగ్గర సాక్ష్యం ఉండాల" అన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఆయన ఫోనులో ఉండి ఉంటుంది. అప్పుడప్పుడు గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

పొడి పేరుకున్న రంధ్రాన్ని రెండు రోజులు ఓపిగ్గా శుభ్రం చేశాను. స్టీలూ అల్యూమినియమూ నేరుగా రాసుకోకుండా గ్రీజు పూసి నాలుగూ బిగించాను. పడవ మీదికి ఎక్కించే ముందు సరిగా చూపిస్తుందో లేదో చూడాలి. అన్న బైకు నడిపితే, నేను వెనక కూర్చుని మీటరును వెదురుకర్రకు కట్టి పైకెత్తి పట్టుకున్నాను. దాని అంకెల డబ్బా నా ఒళ్ళో ఉంది. కురుగోడు పక్క కాలువ గట్టు మీద, గాలి లేని పొద్దున పూట, బైకు వేగమూ మీటరు వేగమూ కలుస్తాయా అని చూడడం మా ఉద్దేశం.

రెండోసారి తిరిగి వస్తుంటే ఒక పెద్దామె దారికి అడ్డంగా నిలబడింది. వెనక మడిలో కలుపు తీస్తున్న నలుగురు ఆడవాళ్ళు కూడా గట్టెక్కారు.

"గాలిమరల కంపెనీ వాళ్ళా మీరు?"

"కాదమ్మా."

"కాకుంటే గాలి ఎందుకు కొలుస్తాండారు? పోయినేడు ఇట్లనే వచ్చి కర్ర నాటి కొలిచినారు. తర్వాత భూమి అడిగినారు." ఆమె అన్న వంక తిరిగి గుర్తుపట్టింది. "నువ్వు పక్క క్యాంపోడివి కదప్పా! నువ్వు గూడా వాళ్ళతో కలిసినావా?"

అన్న ముఖం ఎర్రబడింది. పడవ గురించి చెప్పాడు. ఆమె నమ్మలేదు. అనుమతి కాగితం తీశాడు. ఆమె చదవనే లేదు, "కాగితాలు వాళ్ళు గూడా చూపించినారు" అంది. చివరికి అన్న, తన భూమి కూడా ఇదే కాలువ కిందుందనీ, కంపెనీ వస్తే ముందు పోయేది తనదేననీ గట్టిగా అన్నాడు. ఆ మాటకు ఆమె కాస్త మెత్తబడి, "పడవ పోతాదా లేదా చూస్తే గాలుందో లేదో తెలీదా? దానికి మిషనెందుకు?" అంది. అన్న బైకు స్టార్టు చేశాడు.  బైకు మలుపు తిరిగేదాకా వాళ్ళు గట్టు మీదే నిలబడి మమ్మల్ని చూస్తూ ఉన్నారు.

మీటరు సరిగ్గానే చూపించింది.

ఆ వారమే డ్యాం దగ్గర స్తంభం పడుకోబెట్టి, కొసన మీటరు బిగించి, మళ్ళీ నిలబెట్టాం. మధ్యాహ్నం దాటాక నీళ్ళ మీదికి వెళ్ళాం. నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్టు తాళ్ళను మూడుసార్లు లాగి చూసుకున్నాను. ఒడ్డు దూరమయ్యాక శబ్దం నిజంగానే పోయింది. తెరచాప అప్పుడప్పుడు దుప్పటి దులిపినట్టు చప్పుడు చేసేది, అంతే.

అక్కడ చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేననిపించింది.

"అన్నా, ఇంకో రంధ్రం ఉండాది. నీకు ఫోటో పంపించలేదు."

ఆయన చుక్కాని పట్టుకుని ముందుకు చూస్తున్నాడు.

"దాంట్లో పొడి లేదు. మెరుస్తాండింది. ఆ స్క్రూ ఈమధ్యనే పోయింది. నా బల్ల మీద పోయుండచ్చు. నాకు తెల్దు. కానీ నీకు చెప్పకుండా దాచినా."

ఆయన నా వైపు తిరగలేదు. "నీ బల్ల మీద పోలేదు" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"నీకిచ్చే ముందు హోసపేటలో స్క్రూ కోసం నేనే తిరిగినా. ఒకటి తక్కువుండాదని అప్పుడే చూసినా. నమూనాకని ఇంకోటి విప్పి తీసుకుపోయినా. అంగడోడు లోపలికి తీసుకుపోయి డబ్బాల్లో కలిపి చూసినాడు. ఇంకో అంగడికి పోయినా. యాడ తిరిగి తీసుకున్నానో, యాడ మరిచిపోయినానో గుర్తు లేదు. జేబులో చూసుకుంటే లేదు."

"మరి నాలుగుండాయని..."

"ఇంట్లో తిడతారని మొదట వాళ్ళకు చెప్పినా, నీ దగ్గర పోయినాయని. తర్వాత నీకూ అదే చెప్పినా. నీ ఫోటో చూసినాక చెప్దామనుకున్నా. నోరు రాలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. చీపురు కట్ట దులిపింది, ఆవిడతో మాటపడింది, దొంగలా అరచేతిలో స్క్రూలు పెట్టుకుని ఫోటో తీయించుకున్నది అన్నీ ఒక్కసారిగా నోటి దాకా వచ్చాయి. ఒడ్డు మీదైతే లేచి వెళ్ళిపోయేవాణ్ణే. నీళ్ళ మధ్యలో ఎక్కడికి పోతాను? నేను దాచిందీ తక్కువ కాదని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.  తెరచాప ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారినప్పుడు అన్న, "తల వంచు" అన్నాడు. వంచాను.

తర్వాత ఆయన పక్కకు జరిగి, "పట్టుకో" అని చుక్కాని నా చేతికిచ్చాడు. దాన్ని ఆయన కొడుక్కి కూడా ఇవ్వడు.

"నాకు రాదన్నా."

"నేనున్నా కదా. మీటరు ఎంత చూపిస్తాండాది?"

"తొమ్మిది."

"సరే, ఎడమకు కొంచెం" అన్నాడు.

ఆయన డబ్బా వంక చూడలేదు, స్తంభం కొసకూ చూడలేదు. నేను మాత్రం తలెత్తి గిన్నెలు తిరుగుతున్నాయో లేదో చూశాను. తిరుగుతున్నాయి.

ఒడ్డుకొచ్చాక ఆయన ఇంట్లో వాళ్ళకు నా ముందే ఫోను చేసి నిజం చెప్పాడు. అవతల నుంచి ఏమన్నారో వినపడలేదు గానీ, ఆయన "ఊ, ఊ" అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని చాలాసేపు ఎండలో నిలబడ్డాడు. నేను స్తంభం దింపే తాళ్ళు విప్పుతూ కూర్చున్నాను. నా కోపం ఆ రోజే పూర్తిగా పోయిందని చెప్పను. ఇంటికి పోయాక మా ఆవిడకు జరిగిందంతా చెప్పాను. ఆమె అంతా విని, వంటింట్లోకి పోతూ, "పొయ్యి ఆర్పినా, వచ్చి చూసుకో" అంది. ఆ ఒక్కసారి నేను లేవలేదు.